ఉప్పుడు బియ్యపు మిల్లుల్లో ఆవిరితో నీరు కాచే ట్యాంకులు: గొట్టాల భద్రమైన అమరిక

సారాంశం

ధాన్యాన్ని వేడినీటిలో నానబెట్టి ఉప్పుడు బియ్యం తయారుచేసే మిల్లుల్లో నీటిని కాచడానికి బాయిలర్ నుంచి వచ్చే ఆవిరినే వాడతారు. బాయిలర్‌పై చూపే శ్రద్ధ దాని నుంచి ట్యాంకు వరకు సాగే గొట్టాలపై సాధారణంగా కనిపించదు. గొట్టం వ్యాసాన్ని నిర్ణయించే లెక్క, వాలు, వ్యాకోచానికి ఏర్పాటు, కండెన్సేట్ నీటిని తొలగించే పద్ధతి, ట్యాంకు వద్ద వాల్వుల వరుస, నీటి వైపు భద్రత, పరీక్ష, ప్రారంభ విధానం, చట్టపరమైన నిబంధనలు ఈ వ్యాసంలో చర్చించబడ్డాయి. మిల్లులను సందర్శించే విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు గమనించవలసిన అంశాలు చివర పొందుపరచబడ్డాయి.

ప్రధాన పదాలు: ఉప్పుడు బియ్యం, సంతృప్త ఆవిరి, కండెన్సేట్, స్టీమ్ ట్రాప్, నీటి దెబ్బ, గొట్టాల వ్యాకోచం

పరిచయం

యాసంగి వరి పక్వానికి వచ్చే రోజుల్లో ఎండ తీవ్రత వలన గింజలో పగుళ్లు ఏర్పడతాయి. అటువంటి ధాన్యాన్ని పచ్చిగా మరపట్టిస్తే నూక శాతం పెరుగుతుంది. నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టిన తరువాత మరపట్టిస్తే గింజలోని పిండి పదార్థం జిగురుగా మారి పగుళ్లను పూడ్చివేస్తుంది. తెలంగాణలో ఉప్పుడు బియ్యపు మిల్లులు విస్తరించడానికి ఇది ఒక ముఖ్య కారణం. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ రూపొందించిన వేడినీటి పద్ధతిలో నీటిని సుమారు 85 డిగ్రీల సెల్సియస్ వరకు కాచి అందులో ధాన్యం పోస్తారు. మిశ్రమం ఉష్ణోగ్రత 70 డిగ్రీల వద్ద కుదురుకుంటుంది. ఆ స్థితిలో 3 నుంచి 3.5 గంటలు నానబెడతారు. నీరు ఇంతకంటే వేడెక్కితే పొట్టు విచ్చుకుంటుంది, బియ్యం రంగు ముదురుతుంది. చల్లబడితే నానడం ఆలస్యమై పులిసిన వాసన వస్తుంది.

మన పాఠ్యాంశాలు ఉష్ణోగ్రత, సమయం, గింజ నాణ్యతల వద్ద ఆగిపోతాయి. నీరు 85 డిగ్రీలకు ఎలా చేరుతుంది, దానిని అక్కడికి చేర్చే గొట్టం ఎంత భద్రంగా ఉంది అన్న ప్రశ్నలను మనం ఇంజనీర్లకు వదిలివేస్తాం. ఈ రచయిత కూడా చాలాకాలం అదే పని చేశాడు. కొన్నేళ్ల క్రితం చివరి సంవత్సరపు విద్యార్థులతో ఒక మిల్లుకు వెళ్ళినప్పుడు, నానబెట్టే తొట్ల పైనుంచి సాగే ఆవిరి గొట్టాన్ని చూపి ఒక విద్యార్థిని, ఆ గొట్టం మధ్యలో కిందికి వంగినట్లు ఉందేమిటని అడిగింది. అది మన విషయం కాదని, నూక శాతం లెక్కలు రాసుకొమ్మని సమాధానం చెప్పడం జరిగింది. అరగంట గడవకముందే, రాత్రంతా ఆపి ఉంచిన ఆ లైనులోకి ఒక కార్మికుడు ఆవిరిని వదిలాడు. సుత్తితో బాదినట్లు మూడు నాలుగు మోతలు వినిపించాయి. ట్యాంకు వద్దనున్న పోత ఇనుప వాల్వు పై భాగం పగిలి ఆవిరి బయటికి చిమ్మింది. ఆ కార్మికుని కుడి చేయి మోచేతి వరకు కాలిపోయింది. ప్రాణాపాయం తప్పినా ఆ సీజనంతా అతడు పనికి రాలేకపోయాడు.

తరువాత విచారిస్తే తెలిసినది చాలా చిన్న విషయం. రెండు రోజుల ముందు ధాన్యపు ఎలివేటర్ మరమ్మతు కోసం గొట్టపు ఆధారాన్ని ఒకదానిని విప్పి, తిరిగి బిగించడం మరచిపోయారు. 50 మిల్లీమీటర్ల గొట్టం అక్కడ కుంగి, ఆ గుంటలో రాత్రికి రాత్రి దాదాపు నాలుగు లీటర్ల నీరు చేరింది. వాల్వును ఆ కార్మికుడు ప్రతి ఉదయం తెరిచినట్లే తెరిచాడు. మారినది గొట్టం వాలు మాత్రమే. విద్యార్థిని అడిగిన ప్రశ్నకు ఆనాడు ఇవ్వవలసి ఉండిన సమాధానమే ఈ వ్యాసం.

ఆవిరి స్వభావం: తెలుసుకోవలసిన నాలుగు సంగతులు

మొదటిది, ఆవిరిలోని వేడి అధికభాగం గుప్తోష్ణంగా ఉంటుంది. వాతావరణ పీడనం వద్ద ఒక కిలో ఆవిరి నీరుగా మారేటప్పుడు 2257 కిలోజౌళ్ల వేడిని విడుదల చేస్తుంది. అదే కిలో నీటిని 30 నుంచి 100 డిగ్రీలకు వేడిచేయడానికి పట్టేది సుమారు 293 కిలోజౌళ్లు మాత్రమే. మరుగుతున్న నీటికంటే ఆవిరి చర్మానికి ఎంతో ఎక్కువ హాని చేయడానికి కారణం ఇదే.

రెండవది, సంతృప్త ఆవిరి ఉష్ణోగ్రత దాని పీడనంతో ముడిపడి ఉంటుంది. పీడనం తెలిస్తే ఉష్ణోగ్రత తెలిసినట్లే.

మూడవది, ఆవిరి నీరుగా మారినప్పుడు దాని ఘనపరిమాణం విపరీతంగా తగ్గుతుంది. వాతావరణ పీడనం వద్ద ఈ తగ్గుదల సుమారు 1600 రెట్లు. ఆవిరి ఆపివేసిన గొట్టం చల్లబడితే లోపల శూన్యం ఏర్పడి, అందుబాటులో ఉన్న నీటిని వెనక్కు పీల్చుకుంటుంది.

నాల్గవది, గొట్టంలో ప్రవహించే ఆవిరి నిరంతరం కొంత కొంత నీరుగా మారుతూనే ఉంటుంది. ఈ నీటినే కండెన్సేట్ అంటారు. ఆవిరి గొట్టాల అమరికలో పాటించే నియమాలలో అధికభాగం ఈ నీటిని ఎప్పటికప్పుడు తొలగించడానికి ఉద్దేశించినవే.

పట్టిక 1. సంతృప్త ఆవిరి ధర్మాలు (గేజి పీడనం ఆధారంగా, సవరించిన విలువలు)

| గేజి పీడనం, బార్ | ఉష్ణోగ్రత, డిగ్రీల సెల్సియస్ | గుప్తోష్ణం, కిలోజౌళ్లు/కిలో | ఘనపరిమాణం, ఘ.మీ./కిలో |
|---|---|---|---|
| 0 | 100 | 2257 | 1.67 |
| 1 | 120 | 2201 | 0.89 |
| 3 | 144 | 2133 | 0.46 |
| 7 | 170 | 2047 | 0.24 |

మిల్లుల్లో గేజీలు చదరపు సెంటీమీటరుకు కిలోలలో సూచిస్తాయి. ఒక బార్ దాదాపు ఒక కిలోకు సమానమని భావించవచ్చు.

నీటిని కాచే రెండు పద్ధతులు

మొదటి పద్ధతిలో రంధ్రాలున్న గొట్టం ద్వారా ఆవిరిని నేరుగా నీటిలోకి వదులుతారు. ఖర్చు తక్కువ. వేడి మొత్తం నీటికే చేరుతుంది. అయితే ఆవిరితోపాటు బాయిలర్ నీటిలో కలిపిన రసాయనాలు కూడా ధాన్యంలోకి చేరే అవకాశం ఉంది. కనుక ఆహార పదార్థాలకు తగిన రసాయనాలనే బాయిలర్‌లో వాడాలి. ఇంతకంటే పెద్ద ప్రమాదం ఆవిరి ఆపినప్పుడు ఎదురవుతుంది. గొట్టంలో ఏర్పడిన శూన్యం ట్యాంకులోని నీటిని పైకి పీల్చి ఆవిరి లైనును నింపుతుంది. మరుసటిసారి వాల్వు తెరిచినప్పుడు ఆ నీరే గొట్టాన్ని బాదుతుంది. అందువలన ఈ పద్ధతిలో ఆవిరి గొట్టం ట్యాంకు నీటిమట్టం కంటే పైకి ఎక్కి ఆ తరువాతే లోపలికి దిగాలి. ఆ ఎత్తైన భాగంలో గాలిని లోపలికి అనుమతించే వాక్యూమ్ బ్రేకరును, దాని ముందు నాన్ రిటర్న్ వాల్వును తప్పక అమర్చాలి.

రెండవ పద్ధతిలో ఆవిరి ట్యాంకులోని చుట్టల గొట్టం గుండా ప్రవహించి, నీటితో కలవకుండా వేడిని మాత్రమే అందిస్తుంది. కండెన్సేట్ శుభ్రంగా ఉంటుంది కనుక బాయిలర్ ఫీడ్ ట్యాంకుకు తిరిగి పంపవచ్చు. దాని వలన ఊక, నీరు, మృదుజలం తయారీ ఖర్చు ఆదా అవుతాయి. బోరు నీటిలో కాఠిన్యం అధికంగా ఉన్న ప్రాంతాలలో చుట్టలపై సున్నపు పొర పేరుకొని వేడి మార్పిడిని తగ్గిస్తుంది. ఏటా సీజను ముందు దానిని తొలగించాలి. ఈ వ్యాసంలోని మిగిలిన చర్చ ప్రధానంగా ఈ పద్ధతికి సంబంధించినది.

గొట్టం వ్యాసం: ఒక ఉదాహరణ

2000 లీటర్ల నీటిని ఒక గంటలో 30 నుంచి 85 డిగ్రీలకు కాచవలసి ఉన్నదనుకొందాం. ధాన్యపు విశిష్టోష్ణం నీటిలో సగానికి కొంచెం తక్కువ కనుక, ఈ నీరు సుమారు 1.6 టన్నుల ధాన్యంతో కలిసి 70 డిగ్రీల వద్ద కుదురుకుంటుంది.

కావలసిన వేడి: 2000 × 4.19 × 55 = 4,60,900 కిలోజౌళ్లు. ట్యాంకు గోడల నుంచి జరిగే నష్టానికి 10 శాతం కలిపితే సుమారు 5,07,000 కిలోజౌళ్లు. చుట్టలలోకి 3 బార్ పీడనంతో ఆవిరి వస్తే, కిలోకు 2133 కిలోజౌళ్ల చొప్పున గంటకు 238 కిలోలు అవసరం. దీనిని 240 కిలోలుగా తీసుకొందాం.

సంతృప్త ఆవిరి వేగం గొట్టంలో సెకనుకు 25 మీటర్ల పరిసరాల్లో ఉండడం అభిలషణీయం. 3 బార్ వద్ద 240 కిలోల ఆవిరి ఆక్రమించే స్థలం గంటకు 111 ఘనపు మీటర్లు, అంటే సెకనుకు 0.031 ఘనపు మీటర్లు. దీనిని 25 మీటర్ల వేగంతో భాగిస్తే 12.3 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం, అంటే సుమారు 40 మిల్లీమీటర్ల వ్యాసం లభిస్తుంది.

ఇదే 240 కిలోల ఆవిరి 7 బార్ వద్ద ప్రవహిస్తే 32 మిల్లీమీటర్ల గొట్టం సరిపోతుంది. 1 బార్ వద్ద ప్రవహిస్తే 50 మిల్లీమీటర్ల గొట్టంలో వేగం సెకనుకు 30 మీటర్లకు చేరుతుంది కనుక 65 మిల్లీమీటర్లది ఎంచుకోవాలి. పీడనం తగ్గించే వాల్వు తరువాత గొట్టం వ్యాసం పెరగాలన్న నియమానికి ఆధారం ఈ లెక్కే. మిల్లుల్లో సాధారణంగా దీనికి విరుద్ధంగా, ముందు పెద్ద గొట్టం, ట్యాంకు వద్ద చిన్న గొట్టం కనిపిస్తాయి. అటువంటి చోట ఆవిరి వేగం హద్దు మీరి, నీటి బిందువులను వెంటతీసుకొని వంపులను, వాల్వు లోపలి భాగాలను అరగదీస్తుంది.

ప్రధాన ఆవిరి గొట్టం

గొట్టపు పదార్థం: ఆవిరికి అతుకు లేని కార్బన్ స్టీలు గొట్టం శ్రేష్ఠం. జింకు పూత గొట్టాలు, ప్లాస్టిక్ గొట్టాలు ఆవిరికి పనికిరావు. పోత ఇనుప వాల్వులు పెళుసైనవి. నీటి దెబ్బకు వంగకుండా పగులుతాయి. వాటి స్థానంలో పోత ఉక్కు వాల్వులు వాడాలి. ఫ్లాంజిల మధ్య మామూలు రబ్బరు షీటు పెట్టరాదు. ఆవిరి ఉష్ణోగ్రతకు తగిన గ్యాస్కెట్‌ను మాత్రమే వాడాలి. పాత మిల్లుల్లో మిగిలి ఉన్న ఆస్‌బెస్టాస్ గ్యాస్కెట్లను గీకేటప్పుడు వెలువడే ధూళి ఊపిరితిత్తులకు హానికరం.

శాఖ తీసే చోటు: ట్యాంకుకు వెళ్ళే శాఖను ప్రధాన గొట్టం పై భాగం నుంచి తీయాలి. అడుగు నుంచి తీస్తే అడుగున పారే నీరంతా ట్యాంకు వైపు మళ్ళుతుంది.

వాలు: ఆవిరి ప్రవహించే దిశలోనే 100 మీటర్లకు 1 మీటరు చొప్పున గొట్టం వాలి ఉండాలి. అప్పుడు ఆవిరి, నీరు ఒకే దిశలో సాగుతాయి. వ్యాసం తగ్గించవలసిన చోట అడుగు సమతలంగా ఉండే రెడ్యూసరు వాడాలి. లేకపోతే తగ్గిన చోట మెట్టు ఏర్పడి దాని ముందు నీరు నిలుస్తుంది.

డ్రిప్ పాకెట్లు: ప్రతి 30 నుంచి 50 మీటర్లకు ఒకటి, గొట్టం నిలువుగా పైకెక్కే ప్రతి చోట అడుగున ఒకటి, లైను చివర ఒకటి ఉండాలి. ప్రధాన గొట్టం 100 మిల్లీమీటర్ల లోపుదైతే పాకెట్ వ్యాసం కూడా అంతే ఉండాలి. అరంగుళం గొట్టాన్ని అడుగున అతికించి దానినే పాకెట్ అనడం వాడుకలో ఉంది. వేగంగా పోయే నీరు ఆ సన్నని రంధ్రాన్ని దాటుకొని ముందుకే వెళ్ళిపోతుంది. ప్రతి పాకెట్‌కు పక్క నుంచి స్టీమ్ ట్రాప్, అడుగున మురికి వదిలే వాల్వు ఉండాలి.

వ్యాకోచం: ఉక్కు ప్రతి డిగ్రీకి, ప్రతి మీటరుకు 0.012 మిల్లీమీటర్లు సాగుతుంది. 30 మీటర్ల గొట్టం 30 డిగ్రీల నుంచి 170 డిగ్రీలకు వేడెక్కితే 50 మిల్లీమీటర్లు సాగుతుంది. రెండు చివరలనూ కదలకుండా బిగించినట్లయితే గొట్టంలో ఏర్పడే ప్రతిబలం మెత్తని ఉక్కు తట్టుకోగల హద్దును మించిపోతుంది. గొట్టం వంగుతుంది, లేదా వెల్డింగు అతుకు వద్ద చీలుతుంది. ఈ సాగుదలకు చోటు కల్పించడానికి లైను మధ్యలో గుర్రపు నాడా ఆకారపు వంపును అమర్చడం మన మిల్లులకు అనువైన మార్గం. ఈ వంపును నేలకు సమాంతరంగా పరచాలి. నిలువుగా నిలబెడితే దాని ముందు నీరు చేరుతుంది. తప్పనిసరి అయితే అక్కడ పాకెట్ పెట్టాలి.

ఆధారాలు: లైనులో కొన్ని చోట్ల గొట్టాన్ని గట్టిగా బంధించాలి. మిగిలిన చోట్ల అది రోలరుపై గాని, జారే పలకపై గాని కదలగలగాలి. ఆధారాల మధ్య గొట్టం కుంగకూడదు. తీగతో కట్టిన గొట్టం, ధాన్యపు ఎలివేటరు ఫ్రేముకు ఆనించిన గొట్టం, పక్క గొట్టానికి వేలాడదీసిన గొట్టం ఆధారం లేనివిగానే పరిగణించాలి. పరిచయంలో ప్రస్తావించిన ప్రమాదానికి మూలం విప్పి మరచిన ఒక్క బిగింపు మాత్రమే.

ఉష్ణ కవచం: రాక్ ఊల్ చుట్టి పైన అల్యూమినియం రేకు తొడగాలి. ఇది ఇంధన ఆదాకు మాత్రమే ఉద్దేశించినది కాదు. కవచం లేని గొట్టంలో కండెన్సేట్ ఎక్కువగా ఏర్పడి నీటి దెబ్బకు అవకాశం పెరుగుతుంది. బస్తాలు మోసే హమాలీల భుజం ఎత్తులో ఉన్న గొట్టాలకు, వాల్వులకు, ఫ్లాంజిలకు కూడా కవచం తప్పనిసరి.

ట్యాంకు వద్ద ఆవిరి వైపు అమరిక

ఆవిరి వచ్చే దిశలో క్రింది వరుసను పాటించాలి.

1. ఐసొలేషన్ వాల్వు. నెమ్మదిగా తెరవడానికి వీలైన గ్లోబు వాల్వు మేలు. పిడిని ఒక్క పావు చుట్టు తిప్పగానే పూర్తిగా తెరుచుకొనే బాల్ వాల్వు ప్రారంభంలో ప్రమాదకరం.
2. డ్రిప్ పాకెట్, ట్రాప్. వాల్వు మూసి ఉన్నప్పుడు దాని ముందు చేరే నీటిని తొలగించడానికి.
3. స్ట్రెయినర్. దాని జల్లెడ గది కిందికి వేలాడకుండా పక్కకు తిరిగి ఉండాలి. కిందికి ఉంటే ఆ గదిలో నీరు నిలుస్తుంది.
4. పీడనం తగ్గించే వాల్వు, ఇరువైపులా గేజీలు.
5. సేఫ్టీ వాల్వు. పీడనం తగ్గించే వాల్వు చెడి పూర్తిగా తెరుచుకుపోతే వచ్చే ఆవిరి మొత్తాన్ని బయటికి పంపగల సామర్థ్యం దానికి ఉండాలి. చుట్టల గొట్టం తట్టుకోగల పీడనానికి మించని విలువ వద్ద అది తెరుచుకోవాలి. దాని ముందు గాని, తరువాత గాని మరే వాల్వూ ఉండరాదు. దాని నిర్గమ గొట్టం మనుషులు తిరగని చోటికి, కప్పు పైకి సాగాలి. అడుగున నీరు కారే రంధ్రం ఉండాలి.
6. ఉష్ణోగ్రత నియంత్రణ వాల్వు.
7. వాక్యూమ్ బ్రేకరు, ఆపైన చుట్టల ప్రవేశం.

చుట్టల నుంచి బయటికి వచ్చే కండెన్సేట్ మార్గంలో స్ట్రెయినర్, ట్రాప్, సైట్ గ్లాస్, నాన్ రిటర్న్ వాల్వు ఈ వరుసలో ఉండాలి. ఇక్కడ ఫ్లోట్ రకపు ట్రాప్ అనువైనది. ఆవిరి, నీరు, గాలి మూడింటినీ అది వేరుచేసి నీటిని ఏర్పడిన వెంటనే వదులుతుంది. చల్లటి నీటితో మొదలుపెట్టినప్పుడు కండెన్సేట్ సగటు కంటే చాలా ఎక్కువగా వస్తుంది కనుక ట్రాప్ సామర్థ్యాన్ని లెక్కించిన విలువకు రెండు నుంచి మూడు రెట్లుగా ఎంచుకోవాలి.

ఇక్కడ ఒక సూక్ష్మమైన విషయాన్ని ప్రస్తావించాలి. నీరు 85 డిగ్రీలకు దగ్గరైన కొద్దీ నియంత్రణ వాల్వు మూసుకుంటూ వస్తుంది, చుట్టలలో ఆవిరి పీడనం పడిపోతుంది. ఒక దశలో అది వాతావరణ పీడనం కంటే తక్కువకు కూడా చేరవచ్చు. అప్పుడు కండెన్సేట్‌ను ట్రాప్ గుండా నెట్టే శక్తి ఉండదు. ట్రాప్ తరువాతి గొట్టం పైకి ఎక్కి ఉంటే ఆ నీరు వెనుకకు చేరి చుట్టలను నింపుతుంది. వాల్వు మళ్ళీ తెరుచుకోగానే ఆవిరి ఆ నీటిని ఢీకొంటుంది. సాయంత్రం బాగానే పనిచేసిన ట్యాంకు ఉదయం ‘కొట్టుకుంటోంది’ అని మిల్లువారు చెప్పే ఫిర్యాదుకు తరచు కారణం ఇదే. పరిష్కారం సులభం: ట్రాప్‌ను చుట్టల నిర్గమానికి వీలైనంత కిందికి అమర్చాలి, ట్రాప్ తరువాత నీరు తన బరువుతోనే ఒక తొట్టిలోకి పారాలి, అక్కడి నుంచి పంపు ద్వారా బాయిలర్ వైపు పంపాలి.

కండెన్సేట్‌ను వదిలే చోటు కూడా ముఖ్యం. 3 బార్ వద్ద ఏర్పడిన నీరు 144 డిగ్రీల వేడితో ఉంటుంది. బయటి పీడనానికి రాగానే అందులో సుమారు 8 శాతం తిరిగి ఆవిరిగా మారుతుంది. గంటకు 240 కిలోల కండెన్సేట్‌లో ఇది దాదాపు 20 కిలోలు. కనుక ఆ గొట్టాన్ని నడక దారిలోని మురుగు కాలువలోకి వదలరాదు. తొట్టికి మూత, పైకి సాగే ఆవిరి గొట్టం ఉండాలి.

నీటి వైపు అమరిక

2000 లీటర్ల నీరు 30 నుంచి 85 డిగ్రీలకు వేడెక్కితే సుమారు 56 లీటర్లు పెరుగుతుంది. ట్యాంకు పూర్తిగా మూసి ఉండి, చల్లటి నీరు వచ్చే మార్గంలో నాన్ రిటర్న్ వాల్వు ఉంటే ఈ పెరిగిన నీటికి దారి ఉండదు. దీనికితోడు చుట్టల గొట్టానికి చిల్లు పడితే ఆవిరి పీడనం నేరుగా ట్యాంకుపై పడుతుంది. పలుచని రేకుతో చేసిన ట్యాంకు దానిని తట్టుకోలేదు.

అందువలన నానబెట్టే నీటి ట్యాంకును గాలికి తెరిచి ఉంచడమే శ్రేయస్కరం. పై భాగంలో తగినంత వ్యాసమున్న గాలి గొట్టం, పక్కన ఓవర్‌ఫ్లో గొట్టం ఉండాలి. వీటిలో దేనిమీదా వాల్వు ఉండరాదు. గాలి గొట్టం నోరు ధాన్యపు ధూళితో, ఊకతో పూడుకుపోకుండా వారానికొకసారి చూడాలి. మూసిన ట్యాంకు తప్పనిసరి అయినచోట పీడనానికి, ఉష్ణోగ్రతకు రెంటికీ స్పందించే రిలీఫ్ వాల్వును నేరుగా ట్యాంకు మీదే బిగించి, దాని నిర్గమ గొట్టాన్ని నేలకు దగ్గరగా దించాలి.

వేడినీటి గొట్టాలకు సి.పి.వి.సి. వాడవచ్చునా అని మిల్లుదారులు తరచు అడుగుతారు. 82 డిగ్రీల వద్ద ఆ గొట్టం తట్టుకోగల పీడనం సాధారణ ఉష్ణోగ్రత వద్ద ఉన్నదానిలో నాల్గవ వంతు మాత్రమే. మన అవసరం 85 డిగ్రీలు. నియంత్రణ వాల్వు ఒక్కసారి మొరాయించినా ఉష్ణోగ్రత ఇంకా పెరుగుతుంది. కనుక ట్యాంకు నుంచి తొట్ల వరకు ఉక్కు గొట్టాలే వాడాలి.

థర్మామీటరు బుడ్డిని చుట్టలకు ఆనుకోకుండా, నీరు బయటికి వెళ్ళే నోటికి దగ్గరగా అమర్చాలి. నియంత్రణ వాల్వుతో సంబంధం లేకుండా, హద్దు దాటిన వెంటనే ఆవిరిని ఆపివేసే మరొక స్వతంత్ర పరికరం ఉండడం మంచిది.

నీటి దెబ్బ ఎలా పుడుతుంది

గొట్టం అడుగున పలుచగా పారే నీటిపై ఆవిరి వేగంగా సాగినప్పుడు అలలు లేస్తాయి. గుంటలో నీరు ఎక్కువైతే ఒక అల గొట్టం పై భాగాన్ని తాకి మార్గాన్ని పూర్తిగా మూసివేస్తుంది. అప్పుడు ఆ నీటి ముద్ద ఆవిరి వేగాన్ని అందుకోవడం మొదలవుతుంది. సెకనుకు 25 మీటర్లంటే గంటకు 90 కిలోమీటర్లు. ఆవిరి వంపు తిరగగలదు. నీటి ముద్ద తిరగలేక వంపును, వాల్వును, ట్రాప్‌ను ఢీకొంటుంది. నాలుగు లీటర్ల నీరు నాలుగు కిలోల ఇనుప గుండుతో సమానమని గుర్తుంచుకుంటే ప్రమాద తీవ్రత అర్థమవుతుంది.

మరొక రకం చల్లటి నీటి మధ్య ఆవిరి బుడగ చిక్కుకున్నప్పుడు సంభవిస్తుంది. బుడగ ఒక్కసారిగా కుంచించుకుపోయి, చుట్టూ ఉన్న నీరు ఆ ఖాళీలోకి దూకి ఢీకొంటుంది. దీనికి ఆవిరి వేగం అవసరం లేదు. కనుక మోత వినిపిస్తున్నప్పుడు వాల్వును మరింత తెరవడం గాని, దగ్గరకు వెళ్ళి పాకెట్ వాల్వు తిప్పడం గాని చేయరాదు. దూరంగా ఉన్న పై వాల్వును నెమ్మదిగా మూసి, లైను చల్లబడిన తరువాతే కారణాన్ని వెదకాలి.

పరీక్ష, ప్రారంభం, మరమ్మతు

గొట్టాల అమరిక పూర్తయిన తరువాత, కవచం చుట్టక ముందు, లైనును నీటితో నింపి గాలిని పూర్తిగా తీసివేసి, రూపకల్పన పీడనానికి ఒకటిన్నర రెట్ల వద్ద పరీక్షించడం సాధారణ ఆచారం. సేఫ్టీ వాల్వులను, గేజీలను ముందుగా తీసివేసి ఆ నోళ్ళను మూయాలి. పరీక్షకు గాలిని వాడరాదు. ఒత్తిడికి లోనైన గాలి అతుకు విడిపోతే పేలుడులా విస్తరిస్తుంది. తరువాత లైనును ఆవిరితో ఊది, వెల్డింగు చిట్టెపు ముక్కలను బయటికి పంపిన పిదపే ట్రాప్‌లను బిగించాలి.

ప్రతిరోజూ ప్రారంభంలో పాటించవలసిన క్రమం ఇది. మొదట అన్ని పాకెట్ల అడుగు వాల్వులను తెరిచి నిలిచిన నీటిని వదలాలి. తరువాత ప్రధాన వాల్వును కొద్దిగా మాత్రమే తెరిచి గొట్టం మెల్లగా వేడెక్కనివ్వాలి. పాకెట్ల నుంచి నీరు ఆగి పొడి ఆవిరి వచ్చినప్పుడు వాటిని మూసి, ప్రధాన వాల్వును అంచెలంచెలుగా తెరవాలి. 30 మీటర్ల లైనుకు దీనికి పదిహేను నిమిషాలు పట్టవచ్చు. మిల్లులో తొందర ఎక్కువగా ఉండే సమయం కూడా ఇదే.

మరమ్మతు చేసేటప్పుడు వాల్వు మూస్తే చాలదు. దాని చక్రానికి గొలుసు, తాళం వేసి తాళపు చెవి పనిచేసే వ్యక్తి వద్దే ఉండాలి. గేజి సున్నా చూపిన తరువాత కూడా పాకెట్ వాల్వు తెరిచి ఖాళీ అయినట్లు నిర్ధారించుకోవాలి. మన మిల్లుల్లో బీహారు వంటి రాష్ట్రాల నుంచి వచ్చిన కార్మికులు అధికంగా ఉన్నారు కనుక హెచ్చరిక పలకలు తెలుగుతోపాటు హిందీలోనూ, బొమ్మలతోనూ ఉండాలి.

కాలిన గాయానికి వెంటనే చల్లటి పారే నీటిని ఇరవై నిమిషాలపాటు పోయడం ప్రథమ చికిత్స. పసుపు, సిరా, టూత్‌పేస్టు పూయరాదు. బొబ్బలు చిదపరాదు. శుభ్రమైన బట్ట కప్పి ఆసుపత్రికి తరలించాలి.

చట్టపరమైన అంశాలు

మన దేశంలో బాయిలర్లను చాలాకాలం 1923 నాటి బాయిలర్ల చట్టం, 1950 నాటి నిబంధనలు నియంత్రించాయి. 1923 నాటి చట్టం స్థానంలో 2025లో పార్లమెంటు కొత్త చట్టాన్ని ఆమోదించింది. 1923 నాటి చట్టపు నిర్వచనం ప్రకారం చదరపు సెంటీమీటరుకు 3.5 కిలోల కంటే ఎక్కువ పీడనంతో ఆవిరి ప్రవహించే గొట్టం, దాని ఫిట్టింగులతో సహా, చట్టపరిధిలోకి వస్తుంది. మన ఉదాహరణలో చుట్టలకు వెళ్ళే 3 బార్ల గొట్టం ఈ హద్దుకు లోపలే ఉన్నా, 7 బార్లతో వచ్చే ప్రధాన గొట్టం చట్టపరిధిలోనిదే. అటువంటి లైనుకు ధ్రువీకరించిన గొట్టాలు, అర్హత పొందిన వెల్డరు, రాష్ట్ర బాయిలర్ల శాఖ ఆమోదం అవసరం. పరీక్షా పీడనం విషయంలోనూ శాఖ నిర్దేశమే ప్రమాణం. ఊరి వెల్డింగు దుకాణం వద్ద ఒక పూటలో కొత్త శాఖను అతికించుకోవడం కేవలం అజాగ్రత్త కాదు, చట్ట ఉల్లంఘన కూడా.

సందర్శనలో గమనించవలసినవి

విస్తరణ శాస్త్రవేత్త బాయిలర్ ఇన్‌స్పెక్టరు కాడు. అయినా కంటితో చూసి, చెవితో విని గుర్తించగలిగిన లోపాలు అనేకం.

1. గొట్టం ఎక్కడైనా కుంగి ఉన్నదా? విప్పిన ఆధారాలు ఉన్నాయా?
2. ప్రతి నిలువు గొట్టం అడుగున పాకెట్, ట్రాప్ ఉన్నాయా?
3. ట్రాప్ నిరంతరం ఆవిరి వదులుతున్నదా, లేక పూర్తిగా చల్లబడి ఉన్నదా? రెండూ లోపాలే.
4. సేఫ్టీ వాల్వుకు ముందు వెనుకల వాల్వు, ప్లగ్గు, బరువు వంటివి ఉన్నాయా?
5. ట్యాంకు గాలి గొట్టం తెరిచి ఉన్నదా?
6. కవచం లేని గొట్టం మనిషి ఎత్తులో ఉన్నదా?
7. ప్రారంభంలో మోత వస్తున్నదా? వస్తే ఎంతకాలంగా?
8. లైను తెరిచే వ్యక్తికి ఆ పని ఎవరు నేర్పారు?

చివరి ప్రశ్నకు లభించే సమాధానం మిగిలిన ఏడింటికంటే ఎక్కువ విషయాన్ని తెలుపుతుంది. లోపం గుర్తించినప్పుడు కార్మికునికి కాక మిల్లు యజమానికి, వీలైతే లిఖితపూర్వకంగా తెలియజేయడం ఉచితం.

ముగింపు

ఆవిరి గొట్టాల భద్రత ఖరీదైన పరికరాల మీద కంటే నీటికి వాలు, ఇనుముకు చోటు, ఆవిరికి దారి కల్పించడం మీద ఆధారపడి ఉన్నది. తగిన వ్యాసం, ఆవిరి దిశలో వాలు, సరైన పాకెట్లు, సాగుదలకు వంపు, అడ్డులేని సేఫ్టీ వాల్వు, తెరిచిన గాలి గొట్టం, నెమ్మదైన ప్రారంభం పాటించిన మిల్లులో నీటి దెబ్బకు ఆస్కారం చాలా తక్కువ. వరి గింజ నాణ్యతను అధ్యయనం చేసే విద్యార్థి ఆ గింజను నానబెట్టే మనిషి భద్రతను కూడా తన పాఠంలో భాగంగా చూడాలి. ప్రయోగ తరగతుల్లో భాగంగా మిల్లు సందర్శనకు వెళ్ళే ప్రతి బృందమూ నూక శాతం పట్టికతోపాటు పై ఎనిమిది ప్రశ్నల పట్టికను కూడా నింపి తీసుకురావడం మా విభాగంలో ఆ ప్రమాదం తరువాత ఆనవాయితీ అయింది. గొట్టం వంగి ఉన్నదేమిటని విద్యార్థి అడిగినప్పుడు ఆగి, తలెత్తి చూడడం ఉపాధ్యాయుని బాధ్యత.